ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతున్నారా? ప్రెగ్నెన్సీకి ముందే ఈ విషయం తెలుసుకోండి..!

ఫిట్స్‌ను అదుపు చేసే మందుల్లో సోడియం వాల్‌ప్రోయేట్ ఒకటి. బాగా పనిచేస్తుంది కానీ.. గర్భిణులు వాడితే కడుపులో బిడ్డకు ముప్పు. ఇలాంటి తల్లులకు పుట్టే 100 మంది పిల్లల్లో దాదాపు 10 మందికి వెన్నెముక, గుండె లోపాలు, పెదవి చీలిక వంటివి కనిపిస్తున్నాయి. 30 నుంచి 40 మందికి మాటలు, నడక, చదువు వెనకబడొచ్చు. బిడ్డ వెన్నెముక మొదటి నెలలోనే రూపుదిద్దుకుంటుంది.. అంటే నెల తప్పిందని తెలిసేలోపే నష్టం జరిగిపోవచ్చు.

అలాగని మాత్రలు సడెన్‌గా ఆపేయొద్దు! ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణాలకే ప్రమాదం. పిల్లల కోసం ప్లాన్ చేసుకునే ముందే న్యూరాలజిస్ట్‌ను కలవండి. వీలుంటే లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ వంటి మందులకు మెల్లగా మారుస్తారు. ఫోలిక్ యాసిడ్ డోసు కూడా వారే చెబుతారు. ఇప్పటికే గర్భం వచ్చిందా? మాత్ర మానకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి.