కరెంటు పట్టిన శ్రుతి

రెండు ధ్రువాల టర్బో జనరేటర్ నిమిషానికి 3000 సార్లు తిరగాలి. అప్పుడే మన ఇళ్లకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలో చెకోస్లవేకియా సాయంతో 1960ల్లో మొదలైన టర్బైన్ల కర్మాగారం బీహెచ్‌ఈఎల్‌లో ఇది రోజువారీ లెక్క. కానీ ఇంట్లో స్పూల్ టేప్‌రికార్డర్ పెట్టుకుని పాటలు పట్టుకున్న తరానికి ఇదే శ్రుతి లెక్క కూడా. కరెంటుతో నడిచే ఆ మిషన్లలో చాలావాటి మోటారు ఫ్రీక్వెన్సీ చెప్పినట్టు తిరిగేది. ఓల్టేజీ కాస్త తగ్గినా అది తట్టుకునేది. ఫ్రీక్వెన్సీ తగ్గితే మాత్రం దాంతోపాటే నెమ్మదించేది.

కరెంటు కొరత రోజుల్లో దక్షిణాది గ్రిడ్ తరచూ 48 హెర్ట్జ్ దగ్గరికి జారేది. 2003 జనవరిలో గ్రిడ్ క్రమశిక్షణ కోసం కొత్త టారిఫ్ విధానం వచ్చాకే పరిస్థితి మెరుగుపడింది. 48 హెర్ట్జ్ అంటే టర్బైన్ 2880 దగ్గర తిరుగుతున్నట్టు, టేపు 4 శాతం నెమ్మదించినట్టు. 50 దగ్గర పట్టిన పాటను 48 దగ్గర వింటే, హార్మోనియం మీద ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఉన్న దూరంలో దాదాపు 70 శాతం కిందికి దిగుతుంది. శ్రుతి తెలిసిన చెవికి అది వెంటనే తగులుతుంది. దాని చుట్టుపక్కల పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం షెడ్లలోని మోటార్లూ మద్రాసులో ఎవరింట్లోనో తిరిగే స్పూలూ ఒకే గ్రిడ్ మీద నడిచాయి. ఈ పారిశ్రామిక వాడ మన సంగీతానికి ఇంత దగ్గరగా ఉందని ఎవరూ చెప్పకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

టేపు వేగం మారడం లోపమే కాదు, వాయిద్యం కూడా. ఇంటి స్పూల్ మిషన్లకు సాధారణంగా సెకనుకు 9.5, 19 సెంటీమీటర్ల వేగాలుండేవి. 9.5 మీద వయొలిన్ పట్టి 19 మీద వింటే పాట సగం సమయంలో అయిపోతుంది, స్వరం ఒక స్థాయి పైకి ఎగురుతుంది. స్వరాల మధ్య నిష్పత్తులు మారవు కాబట్టి రాగం అదే. కానీ గమకం రెట్టింపు వేగంతో ఊగుతుంది. నిదానంగా ఊగాల్సిన తోడి గాంధారం అక్కడ వణుకుగా మారిపోతుంది. తిరగేసి చూడండి: డప్పు మీద పడిన దెబ్బను సగం వేగంతో వింటే, చర్మం ఎలా అదిరి ఎలా సద్దుమణుగుతుందో విడివిడిగా వినిపిస్తుంది. కాలాన్ని సాగదీసి శబ్దం లోపలికి చూడటమిది. దీన్ని ఖరీదైన స్టూడియో విద్యగా చూడటం సరికాదు. రెండు వేగాల మిషన్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది సాధ్యమే.

అమెరికాలో లెస్ పాల్ తన ఇంటి గ్యారేజీలో, టేపుకన్నా ముందు డిస్కుల మీదే, గిటారును సగం వేగంతో పట్టి పొరలు పొరలుగా పేర్చాడు. అలా చేసిన ‘లవర్’ 1948లో విడుదలైంది. లండన్‌లో డెలియా డెర్బీషైర్ 1963లో బీబీసీ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ శీర్షిక సంగీతాన్ని ఒక్కో స్వరాన్నీ టేపు మీద పట్టి, వేగం మార్చి, ముక్కలుగా కోసి అతికించి కట్టింది. మన దేశంలో ఆ పని అహ్మదాబాద్‌లో జరిగింది. 1969లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌నూ టేపు మిషన్లనూ అమర్చాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాలపాటు సంస్థలోనే పడి ఉండి, కళాకారుడు పాల్ పర్గాస్ కంటపడ్డాక 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. వాటిని వినని సంగీతాభిమాని తప్పకుండా వినాలి.

టేపుతో ఒక చిక్కుంది. వేగం మారిస్తే శ్రుతీ కాలమూ కలిసే మారతాయి, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని కదపలేం. సింథసైజర్ ఆ ముడి విప్పింది. శ్రుతికో మీట, కాలానికో మీట. ఈ లెక్కన తెలుగు ఇళ్లలోకి సింథసైజర్ కీబోర్డు రూపంలో కన్నా ముందు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె రూపంలో వచ్చిందనే నేనంటాను. మీట తిప్పితే శ్రుతి మారే విద్యుత్ స్వరం అది. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ టీఆర్ 808 డ్రమ్ యంత్రం, టీబీ 303 బేస్ యంత్రాలతో పది రాగాలను డిస్కో తాళంలో పలికించాడు. 303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే ఏర్పాటు ఉంది, రాగానికి అది చక్కగా పనికొచ్చింది. ఆ రికార్డుకు 2010లో పునర్ముద్రణ దాకా గుర్తింపు రాలేదు.

ఇంట్లోనే ఇలా స్వరాలు కట్టినవాళ్లలో మనకు బాగా తెలిసిన పేరూ ఉంది. సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నాడు. అప్పటికి ఏఆర్ రెహమాన్‌గా పేరు మార్చుకున్న అతడి 1992 నాటి ‘రోజా’ పాటలు అక్కడివే.

మళ్లీ మన పారిశ్రామిక వాడ దగ్గరికి వద్దాం. సంగారెడ్డి అప్పటి మెదక్ జిల్లా కేంద్రం. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కువగా తిరిగింది స్పూలు కాదు, సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడిచే క్యాసెట్. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టూ ఇన్ వన్‌లు తెచ్చారు. ఒగ్గుకథలు, భజనలు, బతుకమ్మ పాటలు వాటిలోకెక్కాయి. ఆ మోటార్లు డీసీవి. చాలావాటి వెనక చిన్న రంధ్రం, లోపల స్క్రూ ఉంటాయి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పితే వేగం మారుతుంది. బ్యాటరీ నీరసించినప్పుడు పట్టిన పాటను కొత్త సెల్లు వేసి వింటే గొంతు కీచుగా పలుకుతుంది.

ఇప్పుడు ఆ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నవాళ్లకు ఒక మాట. పాత రికార్డింగులో కరెంటు హమ్ లోతుగా వినిపిస్తుంది. దాన్ని 50 హెర్ట్జ్‌కు సరిచేస్తే వేగం సరిపోతుందన్నది చాలాచోట్ల వాడే పద్ధతి. మన దగ్గర అది మోసం చేస్తుంది. గ్రిడ్ 48 దగ్గరున్నప్పుడు స్పూల్ మోటారు కూడా అంతే నెమ్మదించింది కదా. ఆ టేపును సరైన వేగంతో వింటే హమ్ చక్కగా 50 చూపిస్తుంది, పాడిన మనిషి గొంతు మాత్రం 4 శాతం పైకి పోతుంది. క్యాసెట్‌లో ఇంకో తీరు. డీసీ మోటారు వేగం సరిగ్గానే ఉన్నా హమ్ 48 చూపిస్తుంది, దాన్ని 50కి లాగితే మళ్లీ గొంతే చెడుతుంది.

కాబట్టి సాక్ష్యం వేరేచోట వెతకాలి. రేడియో నుంచి పట్టిన టేపయితే ఆకాశవాణి వార్తల ముందు పడే సమయ సంకేతాలు సెకనుకొకటి, వాటి ఎడం కొలవండి. హార్మోనియం ఉంటే దాని మెట్లు పట్టుకోండి. సంగారెడ్డి దగ్గరి కందిలో ఐఐటీ ఉంది. ఈ ప్రాంతపు పాత గొంతులను సరైన శ్రుతికి తేవడం అక్కడి విద్యార్థులు చేపట్టదగ్గ పని. టేపు పెట్టె మీద ఏ మిషన్, కరెంటా బ్యాటరీయా, ఏ ఏడాది అన్నది ఇప్పుడే రాసిపెట్టండి. పాడినవాళ్లు మన మధ్య ఉంటే, వాళ్లు ఏ శ్రుతిలో పాడేవారో వాళ్లనే అడగండి.