‘పుట్ ఆఫ్’ అర్థచ్ఛాయలు
ఒక క్రియకు ‘అప్’, ‘ఆఫ్’ వంటి చిన్న పదం చేరి కొత్త అర్థాన్నిచ్చే ఆంగ్ల పదబంధాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఇవి పరభాషీయులకు మిక్కిలి కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. పనిని తర్వాతికి నెట్టడమనే అర్థంలో ‘పుట్ ఆఫ్’ వాడుక మాటల్లో సహజంగా ఒదుగుతుంది. అదే భావానికి లాటిన్ మూలం గల ‘పోస్ట్‌పోన్’ ప్రకటనలకూ అధికారిక లేఖలకూ తగినది. ‘డిఫర్’ నిర్ణయాన్నో చెల్లింపునో ఆలోచించి ఆపి ఉంచడాన్ని, ‘అడ్జర్న్’ మొదలైన సభనో విచారణనో నిలిపి మరో సమయానికి మార్చడాన్ని, ‘ప్రోక్రాస్టినేట్’ చేయవలసిన పనిని బద్ధకంతోనో బెరుకుతోనో దాటవేయడాన్ని సూచిస్తాయి. అయితే వంటకం వాసన ఒకరిని ‘పుట్ ఆఫ్’ చేసిందంటే తినబుద్ధి కాలేదని భావం. అక్కడ ‘పోస్ట్‌పోన్’ ఎంతమాత్రం పొసగదు. అందువల్ల పర్యాయపదాన్ని ఎంచుకునే ముందు వాక్యంలోని కర్తనూ, కర్మనూ, సందర్భాన్నీ కలిపి చూడడం అవసరం.