కాశీ బస్సు డీజిలు లెక్క

"కాశీకి పోయినవాడూ, కాటికి పోయినవాడూ ఒకటే" అనేవారు మన పెద్దలు. ఆ రోజుల్లో కాశీకి బయలుదేరడమంటే అప్పులు తీర్చి, తాళపుచెవులు కోడలి చేతిలో పెట్టి, ఊరందరి దగ్గరా సెలవు తీసుకుని వెళ్లడమే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు 3 అయింది. పల్లకీ, బోయీలు, వంటవాళ్లు, డేరాలు - ఒక సంసారమంతా ఆయన వెంట నడిచింది. ఆ ప్రయాణానికి ఇంధనం ఏమిటయ్యా అంటే, బోయీలు తిన్న అన్నమే!

ఇప్పుడు సంసారం బస్సెక్కింది. మా తిరువూరులోనే కాదు, కృష్ణా, గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో ఏ ఊరివారికైనా కాశీ బస్సు కొత్త కాదు. నలభై మంది యాత్రికులు, ఇద్దరు వంటవాళ్లు, ఒక క్లీనరు. కింద డిక్కీలో బియ్యం మూటలు, పప్పు డబ్బాలు, గుండిగలు, పొయ్యి. పైన పక్కబట్టలు. ఎక్కడ నీళ్లు, నీడ కనబడితే అక్కడ బస్సు ఆపి వంట. పాశ్చాత్య దేశాలవారు మోటారు ఇల్లు అని మురిసిపోయేది దీనికి దగ్గరి చుట్టమే. ఒక మనిషి బండినే ఇల్లు చేసుకున్న ఉదాహరణ కావాలంటే, 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి ఊరూరూ తిరిగిన వైనం మనవాళ్లకు గుర్తే. కాని నలభై మందికి ఒకే కదిలే ఇల్లు కావాలంటే అది కాశీ బస్సే.

మరొక విశేషం చూడండి. మా తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై భద్రాచలం, జగదల్పూరు, రాయపూరు, జబల్పూరు దాటి ప్రయాగ చేరుతుంది. అంటే మా బస్టాండు దగ్గర నిలబడి ఉత్తరముఖంగా బయలుదేరితే, దారి తప్పకుండా త్రివేణీ సంగమానికి చేరవచ్చు. అక్కణ్ణుంచి కాశీ ఎంతో దూరం లేదు. అందుకేనేమో మా వీధిలో ఏటా ఎవరో ఒకరు కాశీ మాట ఎత్తుతూనే ఉంటారు.

ఈసారి ఎత్తినవారు మా అత్తగారూ, ఆమె స్నేహబృందమూను. బస్సు మాట్లాడారు. యాత్ర నడిపే ఆయన రెండు పద్దులు ఇచ్చాడు. ఒకటి 12 రోజుల యాత్ర. రెండవది 16 రోజులది. క్షేత్రాలు అవే, దూరమూ అదే. పన్నెండు రోజులదానికి తలకు కొంత తక్కువ. "నువ్వు పాఠాలు చెప్పేవాడివి కదా నాయనా, ఏది లాభమో కాస్త చూసి చెప్పు" అని ఆ కాగితాలు నా ఒళ్లో పడేశారు. ఛందస్సులో గణాలు లెక్కపెట్టేవాడికి డీజిలు లీటర్లు లెక్కపెట్టే పని పడింది.

ముందు ఇంజను సంగతి చెప్పుకుందాం. సైకిలు పంపుతో గట్టిగా గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. గాలిని బలవంతంగా నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిలు ఇంజనులో జరిగేది ఇదే. గాలిని సుమారు పద్దెనిమిదవ వంతు చోటులోకి కుక్కుతారు. అది అయిదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు సన్నటి తుంపరగా డీజిలు చిమ్మితే, అగ్గిపుల్ల అక్కర లేకుండా దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. దీనికి అక్కర లేదు. గాలిని ఎంత గట్టిగా నొక్కితే, మంటలోని శక్తి అంత బాగా పనికి వస్తుంది. అందుకే బరువు లాగే బండ్లన్నీ డీజిలు మీద ఆధారపడ్డాయి.

రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో దీన్ని నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనునొకదాన్ని వేరుశనగ నూనెతో నడిపారంటే మన రాయలసీమ రైతులు సంతోషించవలసిన మాటే! అయితే మామూలు బస్సు ఇంజను, నూరు రూపాయల డీజిలు పోస్తే సుమారు నలభై రూపాయల పని చేస్తుంది. మిగతా అరవై రూపాయలు పొగగొట్టంలోంచీ, రేడియేటరులోంచీ వేడి రూపంలో గాలిలో కలిసిపోతాయి. ఆ అరవైని మనం ఆపలేము. మన చేతిలో ఉన్నది ఆ నలభైని ఎలా ఖర్చు పెట్టాలన్నదే.

ఇది తెలుసుకోవడానికి పుస్తకాలు చాలవు. మా ఊళ్లో ఆర్టీసీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక డ్రైవరుగారి దగ్గరకు వెళ్లాను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన నాటినుంచీ లక్షల మందిని మోసిన ఆ బస్సుల్లో, లీటరుకు అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ రాబట్టడం నిత్యసమరం. ఏ డ్రైవరు లీటరుకు ఎంత దూరం లాగాడో డిపోలో లెక్క కడతారు. డిపోలో ఎవర్ని అడిగినా దాన్ని "కె.ఎం.పి.ఎల్." అంటారు. చదువురాని క్లీనరు కూడా ఆ నాలుగక్షరాలు పలుకుతాడు.

"ఒకే బండి, ఒకే రోడ్డు. ఒకడికి నాలుగొస్తుంది, ఇంకొకడికి అయిదొస్తుంది. ఎందుకంటారు మాష్టారూ?" అని ఆయనే అడిగి, ఆయనే జవాబు చెప్పాడు. "ముందు ఏముందో చూడకుండా తొక్కడం, అంతలోనే బ్రేకు వెయ్యడం. డీజిలు కాల్చి తెచ్చుకున్న వేగాన్ని బ్రేకు చెక్కల్లో తగలబెట్టుకోవడమే కదండీ అది!"

ఇంతకంటే బాగా ఏ శాస్త్రవేత్త చెప్పగలడు? పన్నెండు పదమూడు టన్నుల బండిని కదిలించడానికి పడిన శ్రమంతా ఒక్క బ్రేకుతో బూడిద అవుతుంది. అరకిలోమీటరు దూరంలో గేటు పడిందని చూసి పాదం తీసేసేవాడు డీజిలు మిగుల్చుతాడు. పైగా ఇప్పటి ఇంజన్లలో, గేరులో ఉండగా యాక్సిలరేటరు మీద కాలు తీస్తే డీజిలు చిమ్మడం పూర్తిగా ఆగిపోతుంది. చాలామంది దిగుడులో న్యూట్రల్ చేస్తే పొదుపు అనుకుంటారు. అది పొదుపూ కాదు, క్షేమమూ కాదు. న్యూట్రల్‌లో ఇంజను తిరుగుతూ ఉండడానికైనా డీజిలు కావాలి. ఇక ఇంజనే ఆపేస్తే బ్రేకులకు కావలసిన గాలి నింపే కంప్రెసరు ఆగుతుంది, స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. జగదల్పూరు దాటి కాంకేరు వైపు దిగేటప్పుడు కేశకాల్ ఘాటు ఉంది. నలభై మంది ప్రాణాలతో అక్కడ చేసే ప్రయోగం కాదు అది.

రెండవది వేగం. గాలి మనకు కనబడదు గాని, బస్సు ముందు గోడలా నిలబడుతుంది. వేగం 60 నుంచి 80కి పెరిగితే, ఆ గాలి ఎదురుతోపు ఒకటిముప్పావు రెట్లు దాటుతుంది. దీనివల్ల కలిసివచ్చేది ఎంత? నూరు కిలోమీటర్లకు 25 నిమిషాలు. అది ఒక్క టీకొట్టు దగ్గర పోతుంది! 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘంవారు 45, 55 కిలోమీటర్ల మధ్య వేగమే లాభసాటి అని ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చారు.

మిగతావి ఇంటి ఇల్లాలికి చెప్పనక్కర లేని సంగతులు. పొయ్యి మీద ఏమీ లేకుండా మంట వదలరు కదా. గుడి దగ్గర రెండు గంటలు ఇంజను ఆపకుండా చల్లగాలి కోసం నిలిపి ఉంచడం అలాంటిదే. నల్లపొగ వస్తోందంటే సరిగా కాలని డీజిలు అలా పోతోందని అర్థం. గాలి వడపోసే ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. టైర్లలో గాలి తక్కువైతే, ఇసుకలో సైకిలు తొక్కినట్టే. ఇంటినుంచి ముప్ఫై రోజులకు సరిపడా బియ్యం మోసుకుపోనక్కర లేదు. దారిలో ప్రతి ఊళ్లోనూ కొట్లున్నాయి.

ఇక లెక్క. తిరువూరు నుంచి ప్రయాగ, కాశీ, గయ, పూరీ, సింహాచలం చూసుకుని తిరిగి వచ్చేసరికి చుట్టుతిరుగుళ్లతో 4,000 కిలోమీటర్లు అనుకుందాం. డీజిలు ధర లెక్క సులువు కోసం లీటరు నూరు రూపాయలు. తొందరగా తోలి, లీటరుకు 4 కిలోమీటర్లే వస్తే 1,000 లీటర్లు - లక్ష రూపాయలు. నింపాదిగా తోలి 5 వస్తే 800 లీటర్లు - ఎనభై వేలు. మిగిలింది ఇరవై వేలు. నలభై మందికి పంచితే తలకు అయిదు వందలు. నాలుగు రోజులు అదనంగా ఉంటే రోజుకు 125 రూపాయలు. బస్సువంటలో మనిషికి రోజూ అయ్యే తిండి ఖర్చు దాదాపు అందులోనే వెళ్లిపోతుంది. డ్రైవర్ల బత్తా మాత్రం అదనం.

అన్నట్టు, బస్సు లీటరుకు నాలుగే ఇస్తుంది కనుక అది డీజిలు మింగే రాక్షసి అనుకోకండి. వెయ్యి లీటర్లను నలభై మందికి పంచితే తలకు 25 లీటర్లు. అదే దూరం నలుగురు కూర్చున్న కారులో, లీటరుకు 16 వచ్చినా, తలకు 62 లీటర్లు దాటుతుంది. అమెరికాలో ఇంత పొడుగు మోటారు ఇల్లు లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లే ఇస్తుంది. అందులో తిరిగేది చాలాసార్లు ఇద్దరు వృద్ధ దంపతులు! వారికి తలకు 500 లీటర్లకు తక్కువ కాదు. కాబట్టి బండి మైలేజి కంటే మనిషి మైలేజి చూడాలి. మన దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశాలనుంచే వస్తోంది గనుక, ఇది మన ఒక్క జేబు లెక్క కూడా కాదు.

నేను పద్దుల్లో వెతికింది డీజిలు, దొరికింది మరొకటి. పన్నెండు రోజుల్లో 4,000 కిలోమీటర్లంటే రోజుకు 333. గంటకు సగటున 40 వేసుకున్నా, ప్రతి రోజూ ఎనిమిది గంటల పైచిలుకు నడకే. ఇక స్నానాలు, దర్శనాలు, పిండప్రదానాలు ఎప్పుడు? పగలు గుడి, రాత్రి రోడ్డు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు ఎనిమిది గంటల పని అనీ, అయిదు గంటలు నడిపితే అరగంట విశ్రాంతి అనీ అంది. పన్నెండు రోజుల పద్దులో రాసినది ఒకే ఒక డ్రైవరు. అంటే తలకు తగ్గిన ఆ కాస్త సొమ్మూ ఆ మనిషి నిద్రలోంచి తీసినదే. పదహారు రోజుల పద్దులో రోజుకు 250 కిలోమీటర్లు, ఇద్దరు డ్రైవర్లు, రాత్రి నడక లేదు.

ఈ మాట చెప్పగానే మా అత్తగారు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "గంగలో మునగడానికి వెళ్తున్నాం గాని, గండంలో మునగడానికి కాదు" అంది. మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఆ రాత్రికే పదహారు రోజులకు ఒప్పుకున్నారు.

మీ ఊళ్లోనూ రేపో మాపో కాశీ బస్సు బయలుదేరవచ్చు. అడ్వాన్సు ఇచ్చేముందు సీటు మెత్తగా ఉందా, వంటలో నెయ్యి వేస్తారా అని అడగడం సహజమే. వాటితోపాటు నాలుగు ప్రశ్నలు అడగండి. డ్రైవర్లు ఎందరు? రాత్రి వారెక్కడ పడుకుంటారు? రోజుకు ఎన్ని కిలోమీటర్లు? టైర్లు, ఫిల్టర్లు చూపించినదెప్పుడు? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన వాడి బస్సులో డీజిలు దానంతట అదే మిగులుతుంది.