ఓజోన్ పొరకు చిల్లు ఎలా పడింది?

ఎండ లేనిదే పంట పండదు. వడియాలు ఎండవు. కానీ ఎండలో కంటికి కనబడని కిరణాలు కొన్ని ఉంటాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. అవి ఎక్కువగా తగిలితే కంట్లో శుక్లాలు వస్తాయి. చర్మానికి క్యాన్సర్ రావచ్చు. పైర్లకూ చేటే.

ఈ కిరణాలను చాలావరకు పైనే ఆపేది ఓజోన్. ఇది ఒక వాయువు. నేలకు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఎక్కువగా ఉంటుంది. దాన్నే ఓజోన్ పొర అంటారు. మన తల మీద ఉన్న ఓజోన్ అంతా నేల మీదికి తెచ్చి పరిస్తే మందం సుమారు 3 మిల్లీమీటర్లే. అంటే రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత!

భూమికి దక్షిణపు కొసన అంటార్కిటికా అనే మంచు ఖండం ఉంది. అక్కడ హాలీ అనే చోట బ్రిటన్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఓజోన్‌ను కొలిచారు. 1985లో జో ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ ఒక సంగతి బయటపెట్టారు. అక్టోబరు నెలలో అక్కడ ఓజోన్ మూడోవంతు దాకా తగ్గిపోతోంది. ఓజోన్ చిల్లు అంటే ఇదే. నిజానికి అది రంధ్రం కాదు. చీర అరిగి పలచబడ్డట్టు పొర పలచబడింది.

దీనికి కారణం మనుషులు తయారుచేసిన వాయువులే. వాటి పేరు సి.ఎఫ్.సి.లు. ఫ్రిజ్‌లలో, ఏసీలలో, స్ప్రే డబ్బాలలో వాటిని వాడేవారు. అవి గాలిలో కలిసి మెల్లగా పైకి చేరతాయి. అక్కడి ఎండకు విరిగిపోతాయి. అప్పుడు క్లోరిన్ బయటికి వస్తుంది. ఓజోన్‌కు శత్రువు ఈ క్లోరినే. ఈ ప్రమాదం గురించి మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే హెచ్చరించారు.

మరి ఫ్రిజ్‌లు ఎక్కువగా వాడింది వేరే దేశాల్లో. చిల్లు పడింది మంచు ఖండం మీద. ఎందుకని?

మనకు తొలకరి పడే జూన్‌లో అక్కడ నడి చలికాలం. నెలల తరబడి పొద్దు పొడవదు. పైన గాలులు గుండ్రంగా సుడి తిరుగుతాయి. బయటి వెచ్చని గాలిని లోపలికి రానివ్వవు. చలి సున్నాకు 78 డిగ్రీల దిగువకు పోతుంది. అంత చలిలో ఓజోన్ ఉండే ఎత్తులో కూడా మబ్బులు కడతాయి.

మామూలుగా క్లోరిన్ వేరే పదార్థాలతో కలిసి ఉంటుంది. గుంజకు కట్టిన పశువులాగా ఏమీ చేయలేదు. ఈ మబ్బులు దాని పలుపు విప్పుతాయి. అయినా చీకటిలో అది పెద్దగా పాడు చేయదు. మనకు వినాయక చవితి వచ్చే రోజుల్లో అక్కడ ఎండ తిరిగి వస్తుంది. ఇక క్లోరిన్ చేలో పడ్డ ఆంబోతే. ఒక్క క్లోరిన్ రేణువు వేల ఓజోన్ రేణువులను పాడు చేస్తుంది. తాను మాత్రం మిగిలే ఉంటుంది. తరువాత చలి తగ్గి, బయటి గాలి వచ్చి కలిశాకే చిల్లు పూడుతుంది.

ఉత్తర ధ్రువం దగ్గర అంత చలి ఉండదు. అందుకే అక్కడ నష్టం తక్కువ. కానీ 2011లో, 2020లో చలి ముదిరింది. అక్కడా ఓజోన్ బాగా తగ్గింది.

మంచు ఖండంలో ఊళ్ళు లేవు కదా, మనుషులకు ఏం నష్టం అనుకోకూడదు. 2000 సెప్టెంబరులో ఆ చిల్లు చిలీ దేశంలోని పుంటా అరేనాస్ నగరం మీదికి పాకింది. అక్కడ లక్షకు పైగా జనం ఉన్నారు.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. భారతదేశం 1992లో అందులో చేరింది. 2010 నాటికి సి.ఎఫ్.సి.ల తయారీ ప్రపంచమంతటా దాదాపు ఆగిపోయింది.

అయినా చిల్లు ఇంకా ప్రతి ఏడూ పడుతూనే ఉంది. పాత వాయువులు పోవడానికి పదుల ఏళ్ళు పడుతుంది. 2066 ప్రాంతానికి అక్కడి ఓజోన్ 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడు పలక పట్టిన పిల్లలు అప్పటికి నడివయసుకు వస్తారు. పాడు చేయడానికి కొన్నేళ్ళు చాలాయి. బాగు కావడానికి ఒక తరం పైనే పడుతోంది. కానీ దేశాలన్నీ మాట మీద నిలబడ్డాయి కాబట్టే బాగవుతోంది.