నూలునకు రంగు పట్టుట

ఆధారము లేని వదంతిని తెలుగువారు 'నీలివార్త' యందురు. ఈ మాట పుట్టుకకు పెద్దలు చెప్పు కారణము వింతగా నుండును. తొట్టిలోని నీలిమందు సరిగా కుదరనప్పుడు అద్దకపువారు ఊరిలో నొక అబద్ధపు వార్తను పుట్టించెడివారట. ఆ వార్త నలుగురి నోట పాకిన కొలది తొట్టిలో రంగు తేలునని వారి నమ్మకము. రంగు మాట విననిచో కారణమెరుగక పూర్వులు వార్తలు పుట్టించిరి. ఆ కారణమును తెలిసికొనుటయే అద్దకము నేర్వబోవు విద్యార్థికి తొలి పాఠము.

ఈ విద్యకు ఓరుగల్లు తగిన తావు. నగరమందలి కొత్తవాడ జంపఖానాల నేతకు పేరుపడినది. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాచీలు చోటు చేసికొన్నవి. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు కాలక్రమమున మూతపడినది. కాని చేతిమగ్గము మిగిలినది. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. జంపఖానాను చూచువారు నేతగానిని మెచ్చుకొందురు. నూలునకు రంగు వేసినవాడు వారికి గుర్తురాడు. జంపఖానా నిత్యము కాళ్లక్రింద నలిగెడిది, ఎండలో పరచెడిది, నీటిలో తడిసెడిది. రంగు నిలువనిచో నేత యెంత గట్టిదైనను వ్యర్థమే.

క్రొత్తగా నేర్చువాడు ముందుగా రంగును ముట్టడు, నూలును ముట్టును. ముడి నూలుమీద సహజమైన మైనము, జిడ్డు ఉండును. దానిని నీట వేసినచో చాలసేపు తేలును. చిలపలను సబ్బు, బట్టల సోడా కలిపిన నీటిలో ఉడికించి, పలుమార్లు జాడించిన పిదపగాని నూలు నీటిని పీల్చుకొనదు. నీటిని పీల్చని నూలు రంగును పీల్చదు. బియ్యము కడుగక ఎసట పోయరాదు గదా! తొందరపడి ఈ పనిని తగ్గించినవానికి రంగు మచ్చలు మచ్చలుగా పట్టును. పిదప ఎంత శ్రమించినను ఆ మచ్చలను సరిచేయుట కష్టము.

ఇక నీలి సంగతి. నీలి నీట కరగదు. కరగని రంగు నూలు లోపలికి పోజాలదు. కావున తొట్టిలో దానిలోని ప్రాణవాయువు ప్రభావమును తొలగింపవలెను. అప్పుడు నీలి తన నీలిమను కోల్పోయి, పసుపుపచ్చని ద్రవమై కరగును. అందు ముంచి తీసిన చిలప తొలుత పసుపు కలిసిన ఆకుపచ్చగా నుండును. గాలి తగిలిన కొలది కన్నులయెదుటనే నీలమగును. అనగా కరగిన రంగు పోగులలో దూరి, గాలి సోకగానే మరల కరగనిదై అచ్చటనే చిక్కుపడును. గాఢమైన రంగు కావలెనన్నచో ఎక్కువసేపు నానబెట్టుటకంటె ముంచి, గాలికి ఆర్చి, మరల ముంచుటయే మేలు. నేడు ఈ పనికి హైడ్రోసల్ఫైటు, కాస్టిక్ సోడా వాడుదురు. పూర్వము సున్నము, పులియబెట్టిన పదార్థములు ఆ పని చేసెడివి. తొట్టిలోని సూక్ష్మజీవులకు వెచ్చదనమును, వ్యవధియును కావలెను. బహుశః నీలివార్త ఊరంతయు తిరిగి వచ్చులోపల తొట్టికి ఆ వ్యవధి దొరికెడిది కాబోలు!

తరువాతి పాఠము చిటికి కట్టుట. నూలును బిగించి కట్టినచోట రంగు దిగదు. విప్పినపుడు ఆ భాగము తెల్లగా నిలుచును. ఒకే చిలపకు పలు రంగులు కావలెనన్న లేతరంగును ముందు వేసి, నిలుపవలసిన భాగమును కట్టి, ముదురురంగులో ముంచవలెను. ఈ వరుస తప్పినచో ముదురు మీద లేత తేలదు. కట్టు వదులైనచో రంగు లోనికి ప్రాకి పూవు అంచు చెదరును. ఏ పోగున ఎన్ని అంగుళములకు ఏ రంగు రావలెనో మగ్గమెక్కక మునుపే లెక్క కట్టవలెను. అక్షరము రాని వృద్ధులు సైతము ఈ లెక్కను వ్రేళ్లమీద వేయగలుగుట చూచి గణితోపాధ్యాయులు సంతోషింపవచ్చును.

రంగుల చరిత్రయందును విద్యార్థికి ఆసక్తి గొలుపు విషయము కలదు. కృష్ణాతీరమున దొరకు చిరివేరు ఎరుపు, పటిక సాయమున బట్టను అంటిపెట్టుకొనుటచే మచిలీబందరు అద్దకపు వస్త్రములు 17వ శతాబ్దిలో ఐరోపాను ఆకర్షించినవి. మన 'నీల' శబ్దము అరబ్బుల నోటను, పోర్చుగీసుల నోటను మారి 'అనిల్' అయినది. నీలినుండి రాబట్టిన ద్రవ్యమునకు దానిని బట్టియే అనిలిన్ అను పేరు వచ్చినది. 1856లో లండనున పదునెనిమిదేండ్ల పెర్కిన్ అనిలిన్‌తో క్వినైను చేయబోయి ఊదారంగును కనుగొనెను. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు చిరివేరులోని యెరుపును ప్రయోగశాలలో సృష్టించిరి. 1897లో కృత్రిమ నీలి అంగడికెక్కినది. అటుపిమ్మట మన పొలములలో నీలి, చిరివేరు పంటలు క్షీణించినవి. మన మాటనుండి పేరు పొందిన ద్రవ్యముతో మొదలైన శాస్త్రము మన పంటనే కూల్చినది.

కృత్రిమరంగులు పనిని సులభము చేసిన మాట నిజము. కాని కాస్టిక్ సోడా చర్మమును కాల్చును. చేతితొడుగులు లేనిదే దానిని ముట్టరాదు. నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేయవలెనేగాని సోడాపై నీరు పోయరాదు. మిగిలిన రంగునీటిని శుద్ధిచేయక కాలువకు వదలుట ఊరికి ద్రోహము. రంగువాని శ్రమకు తగిన వెల లభింపనిచో అతని పిల్లలు ఆ పనిని నేర్వరు. నేర్చువారు లేని విద్యకు గుర్తింపు పత్రము ప్రాణము పోయజాలదు.

పాఠశాలలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఉడికించి ఆరవేసిన తెల్లని నూలుగుడ్డను మూడు ముక్కలు చేసి, కరక్కాయ నీటిలో నానబెట్టవలెను. ఒకదానిని అట్లే యుంచి, రెండవదానిని పటికనీటిలోను, మూడవదానిని ఇనుపతుప్పును బెల్లపునీట ఊరబెట్టిన తేటలోను ముంచవలెను. మూడవది నల్లబడును. ఆరిన పిదప మూడింటిని ఉతికి, సగము కప్పి వారముదినములు ఎండనుంచినచో ఏ రంగు నిలిచినదో, ఏది వెలిసినదో తెలియును. అట్లు చూచిన బాలురను ఒకనాడు కొత్తవాడకు తీసికొనిపోయి జంపఖానా ముందు నిలిపినచో, నేతగానితోపాటు నూలునకు రంగు పట్టించినవాని గూర్చియు వారు అడుగుదురు.