రామేశ్వర ద్వీపంలో శీతకాలపు తుపానులు

తెలుగునాట శీతకాలమనగానే స్ఫురించేవి మంచు తెరలు, ధనుర్మాసపు ముగ్గులు, తేటపడిన ఆకాశము. సరిగా ఆ దినములలోనే దేశపు ఆగ్నేయపు కొసనున్న రామేశ్వర ద్వీపంలో మబ్బులు కమ్ముతాయి, సముద్రం ఘూర్ణిల్లుతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 9 డిగ్రీల దూరంలో ఉన్న ఈ ఇసుక దీవికి చలి అంతగా తెలియదు. ఋతువు మారిందని అక్కడివారికి తెలియజెప్పేది గాలి.

జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనము దేశాన్ని తడుపుతున్న వేళ, పడమటి కనుమల చాటున పడిన తమిళ తీరానికి దక్కేది స్వల్పమే. అక్టోబరులో గాలి మళ్ళుతుంది. ఉత్తర భూభాగం చల్లబడగా అక్కడి పొడిగాలి బంగాళాఖాతం మీదుగా సాగి, దారిలో తేమను త్రాగి, ఈ తీరాన వర్షిస్తుంది. తమిళనాడు సంవత్సర వర్షపాతంలో దాదాపు సగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య కురిసేదే. బావులు ఊరేది ఈ వానలకే కనుక దీవివాసులు వీటికి భయపడుతూనే వీటికై ఎదురుచూస్తారు.

ఈ దీవికి ఇరువైపులా రెండు వేర్వేరు స్వభావాల సముద్రాలున్నాయి. దక్షిణాన ఉన్న మన్నారు సింధుశాఖ లోతైనది; ఉత్తరాన ఉన్న పాక్ అఖాతం చాలా చోట్ల 15 మీటర్ల లోతుకు మించదు. దక్షిణపు కడలిని బెస్తవారు మగ సముద్రమనీ, ఉత్తరపు కడలిని ఆడ సముద్రమనీ వ్యవహరిస్తారు. మొదటిది అలలతో పోరుతుంది, రెండవది చెరువువలె నిదానంగా ఉంటుంది. అయితే ఈశాన్యపు గాలి లేచినంతనే ఈ పేర్లు తారుమారు కావలసినదే! ఉత్తరపు నీరు కల్లోలితమై, దక్షిణపు తీరం దీవి చాటున కొంత కుదుటపడుతుంది. అందువలన అనేక మత్స్యకార కుటుంబాలు తమ పడవలను, వలలను ఏటేటా ఒక తీరము నుండి మరొక తీరానికి మార్చుకుంటాయి. వాతావరణ శాస్త్రం పుట్టక పూర్వమే ఏర్పడిన పంచాంగమిది.

తుపాను పుట్టడానికి వెచ్చని సముద్రముతో పాటు భూభ్రమణము వలన గాలికి కలిగే మెలిక కూడ అవసరం. భూమధ్యరేఖ చెంత ఆ మెలిక అత్యల్పము. అందుచేత 5 డిగ్రీల లోపల తుపానులు అరుదు. శీతకాలంలో గాలులు కలుసుకొనే మేఘపు పట్టీ దక్షిణానికి జరిగినందున, వాయుగుండములు ఆ హద్దుకు పైననే జనించి పడమరగా ప్రయాణిస్తాయి. వాటి బాటలో శ్రీలంక, దానికి ఆవల రామేశ్వరము ఉన్నాయి.

1964 డిసెంబరు మధ్యలో దక్షిణ అండమాన్ సముద్ర ప్రాంతంలో పుట్టిన వాయుగుండం ఈ బాటనే పట్టింది. నాడు సిలోను అని పిలువబడిన శ్రీలంక ఉత్తర భాగాన్ని అతలాకుతలం చేసి, డిసెంబరు 22 రాత్రి అది పాక్ జలసంధి మీదికి వచ్చింది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది కనుక, కేంద్రానికి ఉత్తరాన తూర్పుగాలి ప్రచండంగా వీచి నీటిని ముందుకు నెడుతుంది. లోతైన సముద్రమైతే ఆ నీరు అడుగున వెనుకకు మళ్ళుతుంది. లోతులేని అఖాతంలో దానికి దారి లేదు. పైకి లేచి నేలమీద పడుతుంది. ఉప్పెన అంటే ఇదే.

దీవి తూర్పు కొసన, విల్లు కొన అన్న అర్థం గల ధనుష్కోటి పట్టణం ఇరుకైన ఇసుక నాలుక మీద నిలిచి ఉండేది. రైల్వే స్టేషను, తపాలా కార్యాలయము, బడి, చర్చి ఉన్న ఊరు అది. తలైమన్నారుకు ఓడలు బయలుదేరిన రేవు. ఆ రాత్రి అది నీటి పాలైంది. పాంబన్ నుండి బయలుదేరిన ప్యాసింజరు రైలు ధనుష్కోటి చేరబోతుండగా అలలు దానిని కబళించాయి. అందులోని వంద మందికి పైగా ప్రయాణికులలో బ్రతికి బయటపడినవారు లేరు. రామేశ్వరాలయం అనేకులకు ఆశ్రయమైంది.

1914లో ప్రారంభమైన పాంబన్ రైలు వంతెన ఇనుప దూలాలలో 126 కొట్టుకుపోయినా, ఓడల కోసం పైకెత్తే నడిమి భాగం మాత్రం నిలిచింది. సముద్రం అడుగునుండి దూలాలను వెలికితీసి, ఇ. శ్రీధరన్ అనే యువ ఇంజనీరు నాయకత్వంలో 46 దినములలో వంతెనను పునరుద్ధరించారు. ధనుష్కోటికి ఆ భాగ్యం కలుగలేదు. ఆ ఊరు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది. ఇసుక నాలుక మీద పట్టణాన్ని తిరిగి కట్టకపోవడమే వివేకమనిపిస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ ఇట్టి ఉప్పెనయే. లోతు తక్కువైన తీరజలాలు, పల్లపు నేల, వేళకు అందని హెచ్చరిక కలిసినపుడు ఏమి జరుగునో తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. తరువాతి కాలంలో ఉపగ్రహ చిత్రాలు, రాడార్లు వచ్చాయి. 2020 డిసెంబరులో బురేవి తుపాను శ్రీలంకను దాటి పాంబన్ వైపు సాగినపుడు దాని రాక ముందుగానే తెలిసింది. పడవలు ఒడ్డునే ఉన్నాయి, అది మన తీరం చెంతకు వచ్చునాటికి బలహీనపడింది కూడ.

2017లో ధనుష్కోటి కొస వరకు తారురోడ్డు పడింది. శిథిలమైన చర్చి గోడలను చూడవచ్చిన యాత్రికులను చీకటి పడకముందే వెనుకకు పంపివేస్తారు. ఆ గోడల సమీపంలో పాకలు వేసుకొన్న బెస్తవారు మాత్రం ఉంటారు. అక్టోబరు గాలి తిరిగిన పిమ్మట వారి పడవలు దక్షిణపు ఒడ్డుకు చేరుతాయి.