కొనబోయే ఇంట్లో కనబడని గాలి
(రేడియో ప్రసంగం)



ఇల్లు కొనేటప్పుడు మనం ఏమేం చూస్తాం? వాకిలి ఏ దిక్కున ఉంది, బోరు నీళ్ళు తాగడానికి పనికొస్తాయా, గోడలకు బీటలున్నాయా, కాగితాలు సరిగా ఉన్నాయా అని చూస్తాం. వీటితోపాటు చూడవలసింది మరొకటి ఉందని నాకు మా అమ్మాయి వల్ల తెలిసింది. అది రేడాన్ అనే వాయువు.

మాది చిరాగ్‌పల్లి. జహీరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గరలో ఉంటుంది. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటారు. వాళ్ళు ఇల్లు కొనబోతూ ఒకరోజు ఫోను చేశారు. "అమ్మా, ఇల్లు అన్నివిధాలా నచ్చింది. కాని కింద నేలమాళిగలో రేడాన్ 7 వచ్చిందట. 4 దాటకూడదట" అంది. నాకు విషయం తెలియకపోయినా గాబరా పడిపోయి, "ఆ ఇల్లు వద్దే తల్లీ, ఇంకొకటి చూసుకోండి" అన్నాను. ఆ సలహా తప్పని తరువాత తెలిసింది.

అసలు రేడాన్ అంటే ఏమిటి? రాళ్ళలోనూ మట్టిలోనూ యురేనియం కొద్దికొద్దిగా ఉంటుంది. అది క్షీణిస్తూ రేడియంగానూ, రేడియం రేడాన్‌గానూ మారుతాయి. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆరుబయట గాలిలో కలిసి పలచబడిపోతుంది. ఇంటి కింద ఉంటే మాత్రం నేల పగుళ్ళలోంచి, గొట్టాలు దిగిన సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఇంట్లో వెచ్చని గాలి పైకి పోతున్నకొద్దీ కింది గాలిని ఇల్లే లోపలికి లాగుతుంది. చలికి తలుపులన్నీ మూసుకునే దేశాలలో అది అలాగే నిలిచిపోతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీయవచ్చు. ఈ జబ్బుకు పొగతాగడం మొదటి కారణమైతే, చాలా దేశాలలో రేడాన్ రెండవది. ఇంట్లో బీడీ, సిగరెట్టు కాల్చేవారుంటే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

దీని సంగతి లోకానికి తెలిసిన తీరు విచిత్రం. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసేవారు. అక్కడి హెచ్చరిక గంట ఆయనను చూసి మోగింది. తీరా చూస్తే ఆ కేంద్రం ఇంకా నడవడమే మొదలుపెట్టలేదు! ఆయనకు అంటింది సొంత ఇంట్లోని రేడాన్. ఆ రాతి నేలలు న్యూజెర్సీ దాకా సాగి ఉన్నాయి.

మరి పరీక్ష ఎలా? బొగ్గుపొడి ఉన్న చిన్న డబ్బాను గాని, యంత్రాన్ని గాని జనం మసలే అన్నిటికన్నా కింది అంతస్తులో పెడతారు. వంటింట్లో, స్నానాల గదిలో పెట్టకూడదు. 12 గంటల ముందునుంచే కిటికీలు మూసి, కనీసం 48 గంటలు ఉంచాలి. అమ్మేవారు మధ్యలో కిటికీలు తెరిస్తే లెక్క తప్పుతుంది. అక్కడ లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే బాగు చేయించమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఘనమీటరుకు 100 బెక్వెరల్స్ అని ఇంకా తక్కువ హద్దు సూచించింది. అమెరికా వారి 4 అంటే ఈ లెక్కలో 148.

బాగుచేయడం కష్టమేమీ కాదు. నేల గచ్చుకు రంధ్రం చేసి, గొట్టం దింపి, దాన్ని ఇంటి కప్పు పైదాకా తీసుకుపోతారు. గొట్టంలోని ఫ్యాను రాత్రీ పగలూ తిరుగుతూ గచ్చు కింది గాలిని బయటికి తోస్తుంది. పగుళ్ళు కూడా పూడుస్తారు, అయితే పూడ్చడం ఒక్కటే చాలదు. బాగు చేయించాక మళ్ళీ పరీక్ష చేయించి, ఫలితం కాగితం మీద తీసుకోవాలి. ఇవన్నీ డబ్బు చెల్లించి సంతకాలు పెట్టకముందే మాట్లాడుకోవాలి. మంచి ఇంటిని వదులుకోనక్కరలేదు. నా తప్పు అక్కడే!

"మరి మన సంగతేమిటి?" అంటారా? మన దేశంలో ఇళ్ళ అమ్మకాలలో ఈ పరీక్ష ఆనవాయితీ లేదు. మా జహీరాబాద్ వైపు ఎర్రరాయి, దాని అడుగున లావా చల్లారి ఏర్పడిన నల్లరాయి. నల్లరాతిలో యురేనియం సాధారణంగా తక్కువ. హైదరాబాద్ నేల గ్రానైటు, అందులో కొంచెం ఎక్కువ. నల్గొండ జిల్లా లంబాపూర్ దగ్గర, కడప జిల్లా తుమ్మలపల్లె దగ్గర యురేనియం నిక్షేపాలే ఉన్నాయి. అయినా రాయిని బట్టే ఇంటిని తీర్మానించలేం. పక్కపక్క ఇళ్ళలోనే లెక్క వేరుగా రావచ్చు. వంటింటి గ్రానైటు బండను చూసి భయపడకండి, సాధారణంగా దాని పాలు చాలా స్వల్పం. అసలు దారి నేలే.

మన పాత ఇళ్ళలో వాకిలీ కిటికీలూ రోజంతా తెరిచి ఉండేవి. గాలి ఆడేది. ఇప్పుడు కింది గదులకు కూడా ఏసీలు పెట్టి, అన్నీ బిగించుకుంటున్నాం. అందుకే కింది అంతస్తు కొనేవారు గచ్చులో పగుళ్ళున్నాయా, ఎదురెదురు కిటికీలున్నాయా అని చూడండి. ఉన్న కిటికీలను రోజూ కాసేపైనా తెరవండి. పిల్లలు పరాయి దేశంలో ఇల్లు కొంటూంటే, "రేడాన్ పరీక్ష చేయించారా?" అని ఒక్క మాట అడగండి.

మా అమ్మాయి వాళ్ళు అమ్మేవారి చేతనే గొట్టం వేయించారు. తిరిగి పరీక్షిస్తే ఒకటిన్నర వచ్చింది. నేను గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు ఆ గొట్టానికి ఒక చిన్న గాజు నాళం, అందులో రంగు ద్రవం చూశాను. రెండు వైపులా మట్టం సమంగా ఉంటే ఫ్యాను ఆగిపోయినట్టట. దీపం పెట్టగానే దాన్నొకసారి చూసి రావడం అలవాటు చేసుకోమని అమ్మాయికి చెప్పి వచ్చాను. ఈ సలహా మాత్రం తప్పు కాదులెండి.

సెలవు.